మేకలు నెమరు ఆపినప్పుడు

ఈ రోజు పొద్దున బిడ్డను తీసుకుని తాండూరు నుంచి అనంతగిరి కొండల దాకా కారులో వెళ్లాను. వానలు వెనకబట్టినా జలపాతం ఇంకా పారుతోంది. ఫోటోల కోసం బిడ్డ ఒక్కతే నీళ్ల దగ్గరికి దిగింది. రోడ్డు పక్కన ఒక ముసలి కాపరి మేకలు పడుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి అవన్నీ నెమరు ఆపి, కింద నీళ్ల పక్కనున్న పొదవైపే చూశాయి. కాపరి మందకు ముందు నడిచే మేక మెడలోని గంటను మోగకుండా పిడికిట్లో పట్టుకున్నాడు.

"సారూ, పొల్లను పైకి రమ్మను. ఒర్లకు, సప్పుడు గాకుంట చెయ్యి ఊపు."

"ఏముంది తాతా?"

"గది మేకలకెరుక. కార్ల తిరిగేటోనివి, నీకేం కానొస్తది?"

చెయ్యి ఊపాను. బిడ్డ గొణుక్కుంటూ మెల్లగా ఎక్కి వచ్చింది. చాలాసేపటికి మేకలు మళ్లీ నెమరు వేశాయి. అప్పుడు గానీ అతను గంట వదల్లేదు.

బిడ్డను కారులో కూర్చోబెట్టి, నేనూ కాపరీ కొంచెం కిందికి దిగి చూశాం. తడిమట్టిలో పైకి వచ్చిన బిడ్డ అడుగులున్నాయి. వాటి మీదే నా అరచేయంత చిరుత అడుగులున్నాయి. రోడ్డుకు పది బారల దూరందాకా వచ్చి వెనక్కి తిరిగాయి.

సాయంత్రం బిడ్డ నీళ్ల దగ్గర తీసుకున్న ఫోటో స్టేటస్ పెట్టుకుంది. "ఎవ్వరూ లేరు, మస్తు ప్రశాంతం" అని రాసింది. నా పోస్టులు తను చదవదు. మీరైతే చెప్తారా?