నీళ్లడిగిన పడవ

మస్కట్ రేవులో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. జూన్ నెల. మూడు వైపులా నల్లటి రాతి గుట్టలు, నాలుగో వైపు సముద్రం. గుట్టలు చూస్తే మా పాలమూరు వైపు పాన్‌గల్ కొండ గుర్తొచ్చింది. ఎండకు నేను జంకలేదు. అమరచింతలో పుట్టినవాణ్ణి ఎండతో బెదిరించడం కుదరదు. నన్ను సతాయించింది తడిగాలి. చొక్కా ఒంటికి అతుక్కుపోయేది, రైఫిల్ చేతిలో జారేది. కనుచూపు మేరా నీళ్లే, గుక్కెడు తాగడానికి పనికిరావు.

యుద్ధంలో ఎంతమందిని చంపావని మన ఊళ్లో అడుగుతుంటారు. ఒక్కణ్ణీ చంపలేదు. జర్మనీవాణ్ణీ జపానువాణ్ణీ కంటితో కూడా చూడలేదు. నాకు అప్పగించిన శత్రువులు సముద్రపు దొంగలు. ఈ మాట చెబితే వినేవాళ్ల మొహాలు చిన్నబోతాయి. నేనేం చేయను?

మాది చిన్న ఆవిరి ఓడ. తీరం వెంట ఉన్న ఠాణాలకు చక్కెర, బియ్యం, బట్టల మూటలు చేర్చేది. యుద్ధం వల్ల అక్కడ ఏదీ దొరికేది కాదు. అందుకే దొంగలు చెక్క పడవల్లో వచ్చి ఓడలెక్కి దోచుకునేవాళ్లు. కాపలాకు ఆరుగురం. మనిషికి ఒక రైఫిల్, ఇరవై తూటాలు, రోజుకు నాలుగు సీసాల నీళ్లు.

హవల్దార్ పంజాబీ. మొదటి రోజే వరసలో నిలబెట్టి హుకుం చెప్పాడు.

"ఏ పడవా రెండు వందల గజాల లోపలికి రాకూడదు. వస్తే మొదటి తూటా గాలిలోకి, రెండోది పడవలోకి. ఏడ్చినా అంతే, దండం పెట్టినా అంతే."

మా ఓడ సిగ్నలర్‌ది తిమ్మాజిపేట. జెండాలు, దీపం, వైర్‌లెస్ అతని పని. నాకంటే ఆరేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. అన్ని నీళ్ల మధ్య పాలమూరు మాట అతని నోటి నుంచే వినబడేది. పొద్దున లేస్తే ఇద్దరం జొన్నరొట్టె గురించి మాట్లాడుకుని, ఓడలో పెట్టిన బిస్కెట్ తినేవాళ్లం.

నాలుగో వారం ఇంజను చెడింది. తీరానికి మూడు మైళ్ల దూరంలో లంగరు వేశాం. మరునాడు పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలు. గాలి లేదు. కాపలా నాది. తీరం వైపు నుంచి ఒక పడవ వచ్చింది. తెరచాప దించి అడుగున పరిచి ఉంది. ఇద్దరే మనుషులు. ఒకడు తెడ్డు వేస్తున్నాడు. రెండోవాడు లేచి నిలబడి, మట్టికుండ ఎత్తి బోర్లించి చూపించాడు. చుక్క రాలలేదు.

నేను గాలిలోకి కాల్చాను. పడవ ఆగలేదు. అతను కుండను మళ్లీ బోర్లించాడు.

సిగ్నలర్ పై మెట్ల మీద నుంచి అరిచాడు. "రానియ్యకు తమ్మీ. ఆ బట్ట కింద ఏమున్నదో తెల్వదు."

"నీళ్లడుగుతుండు అన్నా."

"అడగనియ్యి. హుకుం ఏంది?"

"నీళ్లడిగెటోన్ని ఎట్ల కాలుస్త?"

రెండో తూటా కాల్చలేదు. పడవ ఓడను ఆనుకుంది. తాడు కట్టి బకెట్‌తో నా వంతు నీళ్లే దించాను. ఆ మనిషి బకెట్‌ను రెండు చేతులా పట్టుకుని మొహం ముంచినంత పనిచేశాడు. నేను తుపాకి దించాను.

ఇది మీకు సరిగా చెప్పాలి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేనంతా మేసిన ఎద్దయినా సరే, నీళ్లలో మూతి పెట్టిందంటే తలెత్తేదాకా కొట్టకూడదు. మా నాయన ఎత్తిన కర్ర ఎత్తినట్టే పట్టుకుని తొట్టి దగ్గర నిలబడటం చిన్నప్పుడు చూశాను. అది మిలిటరీలో పనికిరాదని నాకు ఎవరూ చెప్పలేదు.

తెరచాప కదిలింది. దాని కింద నుంచి నలుగురు లేచారు. కొక్కెం కట్టిన తాడు కమ్మీకి పడింది. మొదటివాడు కత్తితో నా మీదికే వచ్చాడు. నేను తుపాకి ఎత్తేలోపు సిగ్నలర్ మెట్ల మీద నుంచి దూకి అడ్డం వచ్చాడు. అతని దగ్గర జెండా కర్ర తప్ప ఏమీ లేదు. కత్తి అతని కుడి మణికట్టు మీద పడింది. హవల్దార్ లేచొచ్చి రెండుసార్లు కాల్చేసరికి ఎక్కినవాళ్లు పడవలోకి దూకేశారు. అంతా కలిపి మూడు నిమిషాలు.

మస్కట్ దవాఖానలో సిగ్నలర్ చెయ్యి తీసేశారు. పదకొండో రోజు అక్కడే, అతని మంచం పక్కన విచారణ. రెండో తూటా ఎందుకు కాల్చలేదని దొర అడిగాడు. మంచం మీది నుంచి సిగ్నలర్ జవాబు చెప్పాడు.

"నేనే రానియ్యమన్న సాబ్. తప్పు నాది."

అది అబద్ధమని నాకు తెలుసు. అయినా నేను కాదనలేదు. జైలు తప్పింది. అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

యుద్ధం అయ్యాక వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగాను. ఇంట్లో రెండు రోజులుండి తిమ్మాజిపేటకు పోయాను. సిగ్నలర్ అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో పల్లీలు ఒలుస్తున్నాడు. కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి లాక్కున్నాడు.

"గదంతా ఎందుకు? కూసో."

అప్పుడే కల్లు కోసం ఈత గీసేవాడొకడు వాకిట్లో ఆగాడు. ఎక్కడో దూరపు ఊరివాడు. నడుముకు రెండు కత్తులున్నాయి. నీళ్లు కావాలన్నాడు. సిగ్నలర్ చెంబు తీసుకుని లేచాడు. నా చూపు కత్తుల మీదే ఉంది. తెలియకుండానే లేచి ఇద్దరి మధ్యకు అడుగు వేశాను.

"జరుగు తమ్మీ," అన్నాడు సిగ్నలర్. "తాగనియ్యి."

ఆ మనిషి వంగి దోసిలి పట్టాడు. సిగ్నలర్ ఎడమ చేత్తో పోస్తున్నాడు. ధార అటూఇటూ పోయి సగం నేలపాలయింది.

తెగిన చెయ్యి నాకు కలలో రాదు. వచ్చేది బకెట్ పట్టుకున్న ఆ దొంగ. పైన కొట్లాట జరుగుతుంటే వాడు ఇంకా తాగుతూనే ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు, గడ్డం వెంట నీళ్లు కారుతున్నాయి. వాడి దాహం మాత్రం అబద్ధం కాదు. ఆ రోజు వాకిట్లోనే ఆ సంగతి చెబితే సిగ్నలర్ చెంబు వంచుతూనే అన్నాడు.

"నేను గూడ చూసిన తమ్మీ. అందుకే దొరకు గట్ల చెప్పిన."

ఈత గీసేవాడు తలెత్తడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం అలాగే నిలబడ్డాం.