రాజుకు ఒక్క దూకుడు

మా లెక్కల సారు పోయారు. ఈ మాట నాకు తెచ్చింది ఇల్లందు నుంచి భద్రాచలం వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు. వాడూ నేనూ ఒకే బడిలో చదివాం. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సాపించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "సారు లేడిగ" అన్నాడు. ఆ వెంటనే విజిల్ వేశాడు. బస్సు పొగమంచులో కలిసిపోయింది. చాక్‌పీసు ఇంకా నా చేతిలోనే ఉంది.

సారు తమ్ముడు మా చిన్నప్పుడే బొగ్గుబాయిలో చనిపోయాడు. తమ్ముడి జ్ఞాపకంగా ఏటా, ఇప్పపూలు రాలే రోజుల్లో, సారు మేం చదివిన ఇల్లందు బడి వరండాలో చదరంగం పోటీ పెట్టేవారు. మాకు గడియారాలెక్కడివి? బాయి సైరన్ కూసేలోపు ఆట తేలాలి, అంతే. అడవి మీదుగా వచ్చే ఆ పూల మత్తువాసనలో అందరికీ కళ్లు మూతలు పడుతుండేవి. ఆ మధ్యాహ్నాలు నిజంగా జరిగాయా, కలగన్నానా అనిపిస్తుంది. గెలిచినవాళ్ల పేర్లు సారే గోడ మీద తెల్లరంగుతో రాసేవారు. కండక్టరు నాకంటే ఏడాది ముందు గెలిచాడు. తన పేరు నా పేరుకు పైన ఉందని వాడికి ఇప్పటికీ టెక్కే. "ఓడినోనికి ముందు చాయ్" అనేది సారు మాట. గెలిచినవాళ్లం చల్లారిన చాయ్ తాగేవాళ్లం.

మా పోటీలో ఒక నియమం ఉండేది. ఆట మొత్తంలో రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, చెక్ పడినా సరే. లోకమంతా అలాగే ఆడుతుందనుకున్నాం. నేను గెలిచిన ఏడాది సారు నన్ను ఖమ్మం పోటీలకు పంపారు. ఎదుటి పిల్ల మంత్రి నా రాజును మూలకు నెట్టింది. దూకుడు మిగిలే ఉంది కదా అని ధీమాగా దూకించాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. పోటీ నడిపే పెద్దమనిషి నా రాజును తీసి మళ్లీ మూలన పెట్టి, నీ ఆట ఇందాకే కట్టింది తల్లీ అన్నాడు.

ఆ ఉక్రోషమంతా సారు మీద కక్కాను. నోటి దురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది. అందరి ముందూ, "మాకు తప్పుడాట నేర్పిన్రు సార్" అనేశాను. ఆయన చేతికంటిన సుద్ద దులుపుకున్నారు. మరుసటేడు నోటీసు పెట్టారు, ఇకపై పుస్తకంలో ఉన్న ఆటే ఆడాలని. నేనేదో సాధించినట్టు పొంగిపోయాను.

ఆ రోజే సారు భార్య నన్ను పక్కకు పిలిచింది. బాయిలో పైకప్పు కూలినప్పుడు ఆయన తమ్ముడికి పక్కకు దూకే జాగా దొరకలేదట. రాజు దూకడం తాతల నాటి నుంచీ వాళ్లింటి ఆటలో ఉన్నదే. తమ్ముడు పోయాక మాత్రం, అది తీసెయ్యమని ఎవరు చెప్పినా సారు వినలేదట. నా ఒక్కదాని మాటే విన్నారట. సిగ్గుతో చచ్చిపోయాను. పరుగున వెళ్లి, పాత ఆటే ఉంచండి సార్ అని ఏడ్చాను.

"పోయినోని కోసం ఉన్నోళ్లు ఓడొద్దు బిడ్డా" అన్నారు. ఆ వెంటనే వేడి చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టారు. తర్వాతి ఏళ్లలో మా పిల్లలు ఖమ్మంలో గెలిచొచ్చారు. సారు వాళ్ల పేర్లు కొంచెం పెద్ద అక్షరాలతో రాసేవారు. క్షమించమని మాత్రం ఆయన్ని నేనెప్పుడూ సరిగ్గా అడగలేదు.

మొన్న సారు పదోరోజుకు ఇల్లందు వెళ్లాను. గోడ మీది పేర్లలో సగం మంది వచ్చారు. భోజనాలయ్యాక కండక్టరు మా పాత బడి వరండాలో బల్ల వేసి పావులు పేర్చాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, తక్కినవాళ్లు చుట్టూ చేరారు. కాసేపటికి నా మంత్రి వాడి రాజును మూలన ఇరికించింది. కదలడానికి ఒక్క గడి లేదు. అప్పుడే బాయి సైరన్ మొదలైంది. వాడు నా ముఖంలోకి చూసి, రాజును రెండు వేళ్లతో ఎత్తి, రెండు గళ్లు ముందుకు, ఒకటి పక్కకు పెట్టాడు.

తప్పని ఎవరూ అనలేదు. నేను బల్ల మీంచి చెయ్యి తీసేశాను. ఎండ పడుతున్న గడిలో రాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.