ఆయుధపూజకు పోయొచ్చిన క్రిస్టల్

ఏంది, అప్పుడే నవ్వుతున్నరు? మీ దాకా వచ్చిందా లొల్లి? సరే, చాయ్ పోయుండ్రి, నేనే చెప్త. కొత్త ఫిజిక్స్ దొరికిందని గైడ్ సార్‌కు మెసేజ్ పెట్టింది నిజమే. ఆ ఫిజిక్స్ యాకుత్‌పురాల మా ఇంట్లనే తయారైందని నాకప్పుడు తెల్వది!

నా పని తెలుసు కద. గోరంత క్రిస్టల్ బిళ్ళ. ఒక కొసకు సిగ్నల్ ఇస్తే, దాని పైపొర మీదనే సన్నటి అల పోయి రెండో కొసకు బయటికొస్తది. మా బాపుది పాల వ్యాపారం కాబట్టి ఇంట్ల గిట్ల చెప్పిన: పాలు కదలవు, పైన మీగడ ఒక్కటే కదులుతది. ఆ అల ఎంత స్పీడుగ పోయింది, పోయేసరికి ఎంత మిగిలింది అని కొలవాలె. కంప్యూటర్ల సిమ్యులేషన్ గూడ చెయ్యాలె. కొలిచిన గీత, కంప్యూటర్ గీసిన గీత రెండూ కలవాలె. దసరా కాంగనే రివ్యూ. కలిస్తే థీసిస్ రాసుకో అంటరు, లేకుంటే ఇంకో ఏడాది ల్యాబ్‌లనే.

కొత్త బిళ్ళ సరిగ్గ పండుగ ముంగట వచ్చింది. చిన్న అల్యూమినియం డబ్బా లోపట బిగించి ఉంటది. రెండు దిక్కుల వైర్లకు కనెక్షన్లు, పైన నొక్కుడు మూత. అమ్మ ఫోన్ చేసింది. "బాపు పాల క్యాన్లు, బండి, గడ్డి కోసే కత్తి అన్నీ పూజల పెడుతుండు. నీ పని సామాను ఏదే?"

ఏం చెప్త? సార్‌కు చెప్పకుంటనే డబ్బాను సంచిల ఏసుకొని పోయిన. పాల క్యాన్ పక్కకు పెట్టి, "అమ్మా, బొట్టు మూత మీదనే పెట్టు" అన్న. "సరే తీ" అన్నది. నేను గారెలు తినుకుంట కూసున్న.

పండుగైనంక వైర్లు తగిలించిన. సిగ్నల్ లేదు! ఉన్నా, ఉందా లేదా అన్నట్టుంది. వైర్లు మార్చిన. మిషన్ బంద్ చేసి మళ్ల ఆన్ చేసిన. పక్క ల్యాబ్ రిజ్వానాను బతిలాడి ఆమె మిషన్ తెచ్చిన. అదే కథ. మూత తీసి చూసిన్నా? తియ్యలే! దాని మీద అమ్మ పెట్టిన బొట్టు ఎర్రగ ఉంది. రివ్యూ అయ్యేదాక దాన్ని ముట్టబుద్ధి కాలే.

ఇగ సిమ్యులేషన్ మీద పడ్డ. క్రిస్టల్‌ల అల ఏ దిక్కుకు పోతే ఆ దిక్కుకో స్పీడు. దిక్కు మార్చి చూసిన, కలవలే. ఆఖరికి ఈ క్రిస్టల్ పైపొరే అలను తాగుతుందని పెట్టి, ఎంత తాగుతదో కొంచెం కొంచెం పెంచుకుంట పోయిన. కలిసింది! గీత మీద గీత! కుర్చీలకెళ్లి ఎగిరి దునికిన. వెంటనే స్లైడ్ చేసిన, సార్‌కు మెసేజ్ కొట్టిన.

సార్ ఉరికొచ్చి గ్రాఫ్ చూసిండు. "బాగుంది స్వరూపా. బిళ్ళ పైన శుభ్రంగానే ఉంది కదా?"

నాకు మస్తు కోపమొచ్చింది. పైన చిన్న మరక పడ్డా అల సచ్చిపోతదని జూనియర్లకు పాఠం చెప్పేదే నేను! "మూత గూడ తియ్యలే సార్" అన్న, గొప్పగ.

సార్ మూత తీసిండు. బిళ్ళ నడిమిట్ల గుండ్రంగ, ఎర్రగ, చుట్టూ పసుపు. నా కొత్త ఫిజిక్స్ కరెక్టుగ అమ్మ ఉంగరపు వేలి కొసంత ఉంది.

అక్కడికక్కడే ఫోన్ కొట్టిన. "అమ్మా! మూత మీదనే పెట్టమన్న కద!"

"మూత మీద పెట్టిన బిడ్డా. కానీ పనిచేసేది మూత కాదు గద, లోపటిది గద! దానికి గూడ పెట్టిన."

సార్ కిటికీ దిక్కు తిరిగిండు. భుజాలు మాత్రం ఊగుతున్నయి. నాకైతే సిగ్గుతోని పాణం పోయినంత పనైంది.

బిళ్ళను అసిటోన్‌తోని కడిగి మళ్ల కొలిస్తే సిగ్నల్ ఫస్ట్ క్లాస్. మొదటి సిమ్యులేషన్‌కు కలిసింది గూడ, అక్కడక్కడ జర తేడాతోని. హడావుడిగ స్లైడ్లు మార్చుకొని రివ్యూకు పోయిన. అంతా మంచిగనే పోతుంది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన అద్దాలు సర్దుకొని, "ఆ స్లైడ్ మళ్లీ చూపించమ్మా" అన్నడు. చూస్తే ఏముంది, తీసేసుడు మర్చిపోయిన పాత స్లైడ్!

"మిగతావి ఫర్వాలేదు. ఇదొక్కటి మాత్రం అద్భుతంగా కలిసింది. ఏం మెటీరియల్ ఇది?"

గైడ్ సార్ ఫ్యాన్ దిక్కు చూస్తుండు.

"కుంకుమ సార్" అన్న. "ఇంట్ల కలిపిందే."

థీసిస్ రాసుకోమన్నరు తీయుండ్రి. ఒక్కటే షరతు: ఆ గ్రాఫ్ మాత్రం తీసెయ్యొద్దంట. ఇన్నేళ్ల నా పనిల గీత మీద గీత కలిసింది అదొక్కటేనంట!