సర్దార్ బాబాయి ఇంటర్వ్యూ

మా పక్క క్వార్టర్ బాబాయి పోయారు. మణుగూరు నుంచి పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి లేడు బిడ్డా" అని మాత్రం అంది. గుండెపోటట. ఖమ్మంలో నేను ఇంగ్లిష్ చెప్పే కోచింగ్ కాలేజీ వరండాలో నిలబడి ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఆయన బొగ్గుబాయిలో సర్దార్. ముందు తాను వెళ్లి కర్రతో పైకప్పు కొట్టి చూసి, సరే అన్నాకే మనుషులు పని మొదలుపెట్టాలి. ఆ అలవాటుతో ఎవరింటికి వెళ్లినా పైకి చూడందే కూర్చునేవారు కాదు. "మా స్లాబు మంచిగనే ఉందన్నా, నువ్వు కూలగొట్టకు" అని ఆ ఇంటివాళ్లు ఆటపట్టించేవారు.

దూరవిద్యలో డిగ్రీ చేసి, యాభై దాటాక ఎంబీఏకు దరఖాస్తు పెడతానన్నారు. కాలనీ అంతా నవ్వింది. "కాటికి కాళ్లు చాపే వయసుల కాలేజేంది?" అన్నవాళ్లూ ఉన్నారు.

"ఇన్నేండ్లు చెప్పినట్ల చేసినం బిడ్డా. గట్ల ఎందుకు చెప్తరో ఒక్కసారన్న తెల్సుకోవద్దా?" అన్నారు నాతో.

ఇంగ్లిష్ కోసం ఆదివారాలు బస్సెక్కి ఖమ్మం వచ్చి, మా కోచింగ్ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చునేవారు. పాఠం నడిచినంతసేపు నన్ను "సార్" అనేవారు. క్లాసు అయిపోగానే మళ్లీ "బిడ్డా". అంత గౌరవం నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

హైదరాబాదులో ఇంటర్వ్యూకు నేనే తీసుకెళ్లాను. "మీ వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పండి" అని వాళ్లు అడిగేదాకా బాగానే సాగిందట. బాయిలో కప్పు కూలి ఒక కార్మికుడి పాదం నలిగిన సంగతి చెప్పి, తప్పు నాదే అన్నారు. "మనిషినే కాపాడలేదని మీరే ఒప్పుకుంటున్నారు. ఇక మేనేజ్‌మెంట్ ఏం చేస్తారు?" అన్నారట వాళ్లు. సీటు రాలేదు.

ఆ తప్పు ఆయనది కాదని కాలనీలో అందరికీ తెలుసు. బాబాయి ఆగమన్నా ఆగకుండా కప్పు కిందికి వెళ్లింది ఆ కార్మికుడే. అలా తేలితే అతని ఉద్యోగం ఊడుతుందని, ఎంక్వైరీలో బాబాయి తప్పు తన మీద వేసుకున్నారు. పాత సర్దార్లలో ఆ పద్ధతి ఉండేది. ఆయనకు రావాల్సిన ప్రమోషన్ అప్పుడే పోయింది.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "హైదరాబాదులో నిజం చెబితే ఎవరికి తెలుస్తుంది బాబాయ్?"

"బాయిల ఒకటి, గీడ ఒకటి చెప్తమా? ఒప్పుకున్నంక ఒప్పుకున్నట్టే" అన్నారు.

ఆ తర్వాత ఎంబీఏ మాట ఎత్తలేదు. కాలనీ మాత్రం ఊరుకోలేదు, చివరిదాకా "ఎంబీఏ సర్దార్" అనే పిలిచింది. ఇప్పుడు వాళ్లే పెద్ద మనసున్న మనిషి అంటున్నారు. ఆ పెద్ద మనసు ఆయనకేం పెట్టింది? నాకు ఇంకా మండుతూనే ఉంది.

గోదావరి ఒడ్డున దహనం అయ్యాక, స్నానాలు చేసి తడిబట్టలతో రోడ్డెక్కాం. పాదం నలిగిన ఆ మనిషి రాలేదు. అతనికిప్పుడు బాయిలోకి దిగే పని లేదు, పైన కుర్చీ పని. అంతలో బాయి పనివాళ్లను తీసుకెళ్లే షిఫ్ట్ బస్సు వచ్చి మా పక్కన నెమ్మదించింది. కిటికీ దగ్గర అతనే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. చూసి, అద్దం మూసుకున్నాడు.