రేపల్లెలో కప్పిన శాలువా

ఈ రోజు రేపల్లెలో విలేకరులకు రాజ్యాంగం క్లాసు చెప్పాను. అధికారులు ఏం కూల్చినా, ఏ చట్టం కింద కూల్చారు, నోటీసు ఇచ్చారా అని ముందు అడగమన్నాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

టీ కోసం బయటికొచ్చేసరికి, పొద్దున మాకు ఇడ్లీలు పెట్టిన మరియమ్మ బడ్డీని పొక్లెయిన్ నలిపేస్తోంది. క్లాసులో ముందు వరసలో కూర్చున్న విలేకరి చెయ్యి పట్టుకుందామె.

"నోటీసేదని అడగండి బాబూ. మీరడిగితే ఆగుతారు."

"క్లాసు మధ్యలో వచ్చానమ్మా" అంటూ అతను ఫొటో తీసుకున్నాడు.

నేనూ అడగలేదు. చేతిలో టీ ఉంది.

సాయంత్రం "చట్టప్రకారమే ఆక్రమణల తొలగింపు" అని అతని వార్త వచ్చింది. ఏ చట్టమో రాయలేదు. పాఠం అద్భుతంగా చెప్పానని నాకు శాలువా కప్పిందీ అతనే. ఫొటో పెడుతున్నాను, శాలువా రంగు నాకు నప్పిందో లేదో చెప్పండి.