కిటికీ పక్కన మేకు

ఆయన అసలు పేరు షెడ్డుకు వచ్చేవాళ్లలో సగం మందికి తెలియదు. కార్ల కరెంటు పని చేసే ఆ మేస్త్రీని ముప్పై ఏళ్లుగా అందరూ "ఇంకోసారి" అనే పిలుస్తారు. తీగ అతికిస్తే ఇంకోసారి లాగి చూస్తాడు. బిగించిన స్క్రూను ఇంకోసారి బిగిస్తాడు. "తాళం వేశానో లేదో చూడ్డానికి వేసిన తాళం తీసే మనిషండీ మా ఆయన" అని భార్య చుట్టాలందరి ముందూ చెబుతుంది. ఆయన నొచ్చుకోడు. చేసిన పని ఒక్కటీ ఇంతవరకు వెనక్కి రాలేదు మరి. ఆ మాట తన నోటితో అనడు గానీ, ఎవరైనా అంటే మాత్రం చేతిలో పని ఆపి వింటాడు.

అలాంటివాడి పని వెనక్కి వచ్చింది. అదీ సొంత చెల్లెలి ఇంటినుంచి.

చెల్లెలి భర్తకు, అంటే మేస్త్రీ బావకు, రెండు కిడ్నీలూ పాడై ఏడాదైంది. వారానికి మూడుసార్లు ఉదయం ఆరింటికల్లా ఆసుపత్రిలో డయాలసిస్ మిషను దగ్గర ఉండాలి. చెల్లెలే కారు నడుపుతుంది. నాలుగు గంటలు రక్తం శుభ్రం చేయించుకుని తిరిగొచ్చేటప్పుడు బావ చలికి గజగజలాడిపోతాడు. అది చూడలేక మేస్త్రీ శనివారం నాడు ముందు సీటు మీద కరెంటుతో వేడెక్కే పరుపు అమర్చాడు. బ్యాటరీనుంచి దానికి విడిగా తీగ లాగి, ఫ్యూజు వేసి, ఎర్రదీపమున్న స్విచ్చు పెట్టాడు. అన్నీ ఇంకోసారి చూసుకున్నాడు. అయినా మనసు నిలవలేదు. దిగే హడావిడిలో చెల్లెలు స్విచ్చు ఆపడం మరిచిపోతే?

అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ఇన్నాళ్లూ గేటు దగ్గరుండే కారును వంటింటి కిటికీ కిందికి తెచ్చి నిలపమన్నాడు. బీరువా తాళంతో ఒకే గుత్తిలో, పడగ్గది సొరుగులో ఉండే కారు తాళాన్ని ఇకనుంచి కిటికీ పక్కనే తగిలించమన్నాడు. తగిలిస్తూ బయటికి చూస్తే ఎర్రదీపం వెలుగుతోందో లేదో తెలుస్తుంది. మేకు కూడా తనే కొట్టాడు.

"గట్టిగా కొట్టు బావా," అన్నాడు బావ కుర్చీలోంచి. "రేపు నా ఫోటో బరువు మొయ్యాల్సింది కూడా అదే."

"ఏం మాటలండీ అవి!" అంటూనే చెల్లెలు నవ్వేసింది. ఆ ఇంట్లో ఏడాదిగా ఇలాంటి హాస్యాలు మామూలే. మేస్త్రీకి మాత్రం నవ్వు రాలేదు. సుత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, కారు టకటకమంటోంది, స్టార్టవ్వట్లేదు." పక్కింటివాళ్లు తమ కారులో దింపారు గానీ గంట ఆలస్యమైంది. తర్వాతి రోగి కాచుకుని ఉంటాడు కనుక ఆ గంట బావ వంతులోంచి పోయింది. సాయంత్రానికి ఆయన పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడింది. బుధవారం కూడా ఇలాగే అయితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని నర్సు ఫోనులో హెచ్చరించింది.

సోమవారం మధ్యాహ్నమే మేస్త్రీ కారును షెడ్డుకు తెచ్చి బ్యాటరీ చార్జి చేశాడు. తాళం అలవాటుగా వెనక గదిలో క్యారియర్ సంచిలో పడేసి, బ్యాటరీకీ దాని తీగకూ మధ్య కరెంటు కొలిచే మీటరు తగిలించి అరగంట ఆగాడు. ఆపిన కారు వెంటనే నిద్రపోదు. లోపలి చిన్న చిన్న కంప్యూటర్లు ఒక్కొక్కటే కన్ను మూస్తాయి. మీటరు ముప్పై మిల్లీఆంపులకు దిగింది. అంత తక్కువంటే నెల రోజులు కదపకపోయినా ఢోకా లేదు. నిశ్చింతగా తీసుకెళ్లి కిటికీ కింద పెట్టి వచ్చాడు. మంగళవారం పొద్దున చూస్తే బ్యాటరీ మళ్లీ చచ్చి ఊరుకుంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే రోగుల్లో చేరిందన్నమాట ఈ కారు.

పక్కింటివాళ్లు ఊరెళ్లారు. ఆ వేళకు ఆ వీధిలోకి ఆటోలు రావు. అద్దె కారతను వస్తానన్నాడు, కానీ పోయిన నెల కూడా వస్తాననే ఫోన్ ఎత్తడం మానేశాడు. మేస్త్రీకి ఉన్నది స్కూటర్. ఆ ఒంటితో బావ దాని మీద కూర్చోలేడు.

"రేపెలా అన్నయ్యా?"

"నేను చూస్తాగా," అన్నాడు. ఆ గొంతులో ధైర్యం ఎంతుందో ఆయనకే తెలుసు.

షెడ్డు మూసేసి చెల్లెలింటికి వెళ్లాడు. బ్యాటరీకి మళ్లీ చార్జి ఎక్కించి, ఈసారి కిటికీ కిందే పరీక్ష మొదలుపెట్టాడు. ఫ్యూజులు చేతికందేలా కారు తలుపు తెరిచే ఉంచి, మూసినట్టే కారు అనుకునేలా దాని గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కేశాడు. చెల్లెలు తాళం చేత్తో పట్టుకుని నిలబడితే, "మేకుకు తగిలించమ్మా, పెట్టిన పద్ధతి పద్ధతే!" అని కసిరాడు కూడా. అరగంట గడిచింది. మీటరు రెండున్నర ఆంపుల దగ్గర, అంటే షెడ్డులో చూపిన ముప్పై మిల్లీఆంపులకు ఎనభై రెట్ల పైన, మొండికేసి కూర్చుంది. ఒక్క రాత్రిలో బ్యాటరీని పీల్చెయ్యడానికి అది చాలు.

ముందుగా పరుపు ఫ్యూజే పీకాడు. మీటరు కదలలేదు. హమ్మయ్య, తన పని కాదు! అనుకున్నాడో లేదో సిగ్గేసింది. ఎవరి పనైతేనేం, బావ పాదాలు చెప్పుల్లో పట్టడం లేదుగా. మిగతా ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి, చూసి, మళ్లీ పెట్టాడు. ఒక్కోదానికి మీటరు రవ్వంత దిగుతోంది గానీ ముప్పైకి చేరడం లేదు. దొంగ దొరకలేదు.

బావ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని మీటరు అంకెలు పైకి చదువుతున్నాడు. "ఆసుపత్రి మిషనేమో నా ఒంట్లో నీళ్లు లాగుతుంది. నువ్వేమో కారులో కరెంటు లాగుతున్నావు. ఇద్దరూ ఇద్దరే బావా!"

ఇంకో రోజైతే తగిన జవాబు చెప్పేవాడు. ఈరోజు మొదటి ఫ్యూజునుంచి ఇంకోసారి మొదలుపెట్టాడు.

ఎండ వాలుతుండగా బావ ఒక్క కేక పెట్టాడు. "పడింది బావా! ముప్పై!"

మేస్త్రీ చేతిలో ఏ ఫ్యూజూ లేదు. "ఎవరేం చేశారు?"

"ఇక్కడెవరున్నారు? నీ చెల్లెలు రేపటికి ఫైలు తీస్తానని పడగ్గదిలో బీరువా దగ్గరికెళ్లి పావుగంటైంది."

అప్పుడే చెల్లెలు ఫైలుతో వంటింట్లోకి వచ్చింది, తాళాల గుత్తి మేకుకు తగిలించింది. మీటరు చటుక్కున రెండున్నరకు ఎగిరింది.

మేస్త్రీ ఆ మేకు వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ కారుకు తాళం దూర్చే పని లేదు. తాళం దగ్గరుంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టవుతుంది. అంటే తాళం పక్కనే వేలాడుతున్నంతసేపూ ఎవరో ఎక్కబోతున్నారని కారు మేలుకునే ఉంటుంది. షెడ్డులో తాళం వెనక గదిలో ఉంది, అందుకే అక్కడ నిద్రపోయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దుట్నుంచీ తాళాన్ని తలకు మూరెడు దూరంలో పెట్టుకుని ఫ్యూజులు పీకాడు.

గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. "పరుపు కాదమ్మా. నేను కొట్టిన మేకు. నేను పెట్టిన పద్ధతి."

"మా మంచికేగా పెట్టావు అన్నయ్యా."

"మంచికే. ఆ మంచితోనే బావ ప్రాణం మీదికి తెచ్చాను." కళ్లు తుడుచుకున్నాడు. దాచుకోలేదు.

కారును గేటు దగ్గరికి జరిపి, తాళాన్ని పడగ్గది సొరుగులో పెట్టించి, అరగంట ఆగి మీటరు చూశాడు. ముప్పై. ఇంకోసారి చూశాడు. తర్వాత లోపలికొచ్చి కటింగ్ ప్లయర్‌తో మేకు పీకేశాడు.

"తాళం తగిలించకపోతే చాలుగా, మేకెందుకు పీకడం?" అంది చెల్లెలు. ఆ కన్నంలో లప్పం కూరి, బొటనవేలితో రెండుసార్లు నునుపు చేశాడు. బావ చూస్తూనే ఉన్నాడు.

బుధవారం ఐదింటికే మేస్త్రీ గేటు ముందు నిలబడి ఉన్నాడు. చెల్లెలు బటన్ నొక్కింది. ఒక్క నొక్కుకే కారు స్టార్టయింది. ఆయన గేటు రెక్కలు రెండూ బార్లా తీశాడు. ఆనక బావను చెయ్యి పట్టి నడిపించడానికి లోపలికి వెళ్లాడు. వంటింట్లో బావ ఆగి, కిటికీ పక్కన లప్పం మరకను చూశాడు.

"అయ్యో, మరి నా ఫోటో?"

"ఈ గోడకు మేకు నిలవదు బావా," అన్నాడు మేస్త్రీ. "పద, పరుపు వేడెక్కింది."