గీతల డబ్బాకు కోడిపిల్లల బల్బు

మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద, మా ఇంటి పక్క మడిగెలో స్వామిదాసు మైకుసెట్ల ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ఏళ్ల తరబడి బోనాల్లో, పెళ్లిళ్లలో, చర్చి కూటాల్లో పెద్ద పెద్ద స్పీకర్ల పక్కన నిలబడి అతని చెవులు పోయాయి. గట్టిగా అరిస్తే మనిషి మాట అందుతుంది గానీ, ఆంప్లిఫయర్‌లో సన్నగా గుయ్యిమనే చప్పుడు అందదు. మరి ఆ పని ఎట్లా చేస్తాడని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. నేను అడగనిది ఏమున్నది గనుక! నాలుగో తరగతిలోనే మా పంతులు "నోరు మూసుకో సంగమ్మా" అన్నాడు. తరువాత మా ఇంటాయన అన్నాడు, కొడుకులు అన్నారు, బ్యాంకులో కూర్చునే పిల్ల కూడా అన్నది. ఇప్పటిదాకా అనని మనిషి స్వామిదాసు ఒక్కడే.

"చెవులు పోతే ఏమాయె అవ్వా, కండ్లున్నయి గద," అని బల్ల మీద ఒక ఇనుప పెట్టె చూపించాడు. దానికి ముందర అరచేయంత అద్దం, పక్కన తిప్పే గుండీలు. పేరు ఆసిల్లోస్కోపు. నాకు నోరు తిరగక గీతల డబ్బా అంటాను. ఆంప్లిఫయర్ తీగ దానికి తగిలిస్తే, లోపలి చప్పుడు అద్దంలో ఆకుపచ్చ గీతై కదులుతుంది. మంచి చప్పుడైతే చెరువు అలలాగా సాఫీగా, పాడైతే ముళ్లకంపలాగా. ఎప్పుడో మూతబడిన ఫ్యాక్టరీ సామాన్లలో తెచ్చుకున్నాడట. నా పెద్ద కొడుకు కన్నా దానికి వయసెక్కువ.

పోయిన వానాకాలం ఒక రోజు కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఎక్కువై వచ్చింది. మా ఫ్రిజ్జు బతికింది, గీతల డబ్బా చచ్చింది. ఫ్యూజు మారిస్తే అదీ మాడింది. ఇంకోటి వేస్తే అదీ అంతే. కొత్త డబ్బా కొనే తాహతు లేదు. అతని భార్య మంజుల ఎంకపల్లి దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్ పని మాట్లాడి పెట్టింది.

"ఆదివారం దాక చూస్త అవ్వా. ఇది లేస్తె సరే. లేవకుంటె మడిగె ఖాళీ జేస్త," అన్నాడు.

"చెవులు ఇనబడని వాచ్‌మనా! దొంగలు నీకు కొబ్బరికాయ గొడుతరు బిడ్డా," అన్నాను.

అతను నవ్వాడు. మంజుల నవ్వలేదు.

వెనక మూత విప్పగానే నేను తల లోపలికి పెట్టబోయాను.

"ముట్టకు అవ్వా! బంద్ జేసినా లోపల కరెంటు దాగుంటది."

"యాడ దాగుంటది?"

"గీ కండెన్సర్లల్ల. బిందెల నీళ్లున్నట్టే."

ఆ మిగిలిన కరెంటును జాగ్రత్తగా దించి, పలకకు బిగించిన ఒక బల్బు తీశాడు. సిరీస్ బోర్డు అంటారట. డబ్బాకు పోయే కరెంటు ముందు ఆ బల్బు గుండా పోవాలి. లోపల ఎక్కడన్నా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి, డబ్బా కాలకుండా కాస్తుంది. బాగుంటే కొద్దిగా ఎర్రబడి ఊరుకుంటుంది. మెకానిక్కులకు అదే వైద్యుడి చేతిలో నాడి.

స్విచ్చి వేశాడు. బల్బు భగ్గుమననూ లేదు, ఎర్రబడనూ లేదు. పెళ్లి పందిరి లైటులాగా టపటపా కొట్టుకున్నది. చూస్తే తెల్లటి ఎల్‌ఈడీ బల్బు!

"గిదెవరు పెట్టిండ్రు?"

"నేనే," అన్నది మంజుల మెల్లగా. అతనికి అందలేదని మళ్లీ అరిచింది: "నేనే! పాతయి కరెంటు బాగ తింటయంటె ఇంట్లయన్నీ మార్చిన. గిదొక్కటి ఎందుకు ఇడువాలె అని..."

"పాతదేది?"

"చెత్త బండిల ఏసిన."

అతను తల పట్టుకున్నాడు. "నాకు గావాల్సింది ఎలుగు గాదే, మంజులా. ఏడెక్కే తీగ."

నేను మొయినాబాద్ దుకాణాలన్నీ తిరిగాను. "గుండు బల్బా? ఏ కాలంల ఉన్నవ్ అవ్వా?" అని నవ్వారు. ఇంటిముఖం పట్టి నడుస్తుంటే దాసు మాటే మెదిలింది. వెలుగు కాదు, వేడి. బల్బుతో వేడి ఎవరికి కావాలి? అంతే, సురంగల్ ఆటో ఎక్కాను.

అక్కడ నాకు వరుసకు తమ్ముడయ్యే హన్మయ్యకు కోళ్ల షెడ్డున్నది. పసి కోడిపిల్లల మీద వరుసగా పాత బల్బులు వేలాడుతున్నాయి.

"ఒక్కటియ్యి తమ్మీ."

"అక్కా, ఒక్క బల్బు తీసినా పిల్లలు సలికి ఒకదాని మీద ఒకటెక్కి సస్తయ్! ఎవరికే?"

"మైకు దాసుకు."

"దాసుకా! మొదలే జెప్పరాదు? నా బిడ్డ పెండ్లిల సెట్టు ఆగిపోతె వానల తడుసుకుంట వచ్చిండు," అంటూ అటక మీద దాచిన బల్బులు రెండు దించాడు.

ఆటోలో తువ్వాల మూట ఒళ్లో పెట్టుకుంటే పక్కామె "నాటు గుడ్లా?" అని అడిగింది. "పొదిగితె దీపాలైతయి," అన్నాను.

దాసు బల్బు బిగించి స్విచ్చి వేశాడు. మడిగె అంతా పసుపుపచ్చటి వెలుగు. "షార్టున్నది," అన్నాడు. ఆపి, లోపల ఒక తీగ ఊడదీసి మళ్లీ వేశాడు. అదే వెలుగు. ఇంకోటి ఊడదీశాడు, తగ్గలేదు. ఆ తరువాతి తీగ తీయగానే బల్బు ఎర్రబడి ఊరుకున్నది. ఆ తీగ కొసన చింతగింజంత కండెన్సర్. అదే దొంగ! దాన్ని మార్చి, బల్బు తీసి, నేరుగా కరెంటు ఇచ్చాడు.

అద్దంలో ఆకుపచ్చ గీత లేచింది. మంజుల చప్పట్లు కొట్టింది. దాసు మాత్రం పెదవి విరిచాడు. గీత లావుగా, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నది.

"కరెంటును నిలకడ జేసే పెద్ద కండెన్సర్లు ఎండిపోయినయవ్వా," అని మళ్లీ ఆపి, అవీ మార్చాడు.

ఈసారి గీత దారంలాగా సన్నగా, కదలకుండా నిలబడ్డది. మంజుల ఫోను తీసి, "మా ఆయన రాడు సార్, ఇంకొకరిని చూసుకోండ్రి," అన్నది.

దాసు ఒక మైకు గీతల డబ్బాకు తగిలించి నా ముందర పెట్టాడు.

"మాట్లాడవ్వా."

నన్ను మాట్లాడమన్నవాళ్లు ఈ భూమ్మీద ఎవరున్నారు? మైకును దగ్గరికి జరుపుకున్నాను. తరువాత "హన్మయ్య సల్లగుండాలె. వాని కోడిపిల్లలు సల్లగుండాలె," అన్నాను.

"సల్లగైతె సస్తయవ్వా, ఎచ్చగుండాలె!" అని మంజుల పకపకా నవ్వింది.

గీత గంతులు వేసింది. దాసు అద్దానికి దగ్గరగా వంగి, రెప్ప వేయకుండా చూశాడు.

"నీ గొంతు గిట్లుంటదా అవ్వా?"

"ముళ్లకంప లెక్క ఉన్నదా ఏంది?"

"లేదు. జర ఆపకు, ఇంక జూస్త."

నేను ఆపలేదు.